అంతర్జాలం వేరు, అంతర్గత జాలం వేరు

సందేహం: ఇంటర్నెట్‌ను ‘అంతర్జాలం’ అంటున్నాం. అంతర్ అంటే లోపల కదా! ఆ లెక్కన ఈ మాట ఒక సంస్థ లోపలి నెట్‌వర్కు అయిన ఇంట్రానెట్‌కే సరిపోవాలి. మా కార్యాలయ సూచనల పుస్తకాన్ని తెలుగు చేస్తూ రెండుచోట్లా ‘అంతర్జాలం’ అనే రాశాను. సరిచేయాలా?

సమాధానం: సరిచేయాలి. అయితే ఇంటర్నెట్ దగ్గర కాదు, ఇంట్రానెట్ దగ్గర.

అంతర్ అంటే లోపల అన్నది సగం నిజం. సంస్కృతంలో ఈ అవ్యయానికి ‘లోపల’, ‘నడుమ’ అని రెండర్థాలూ ఉన్నాయి. అంతఃపురం, అంతర్యామి, అంతర్యుద్ధం వంటి మాటల్లో మొదటిది. అంతర్జాతీయంలో రెండోది, జాతి లోపలిది కాదు, జాతుల నడిమిది. గంగా యమునల నడిమి నేలకు అంతర్వేది అని పాత పేరు. (కోనసీమ అంతర్వేదికి స్థలపురాణం చెప్పే వ్యుత్పత్తి వేరు, అక్కడ యాగవేదిక కథ ఉంది.) లాటిన్‌లో ‘నడుమ’కు ఇంటర్, ‘లోపల’కు ఇంట్రా అని వేర్వేరు మాటలున్నాయి. మనం రెండింటికీ ఒక్క అంతర్‌నే వాడుకుంటున్నాం. చిక్కంతా అక్కడే.

ఇంటర్నెట్ అన్నది ‘ఇంటర్‌నెట్‌వర్క్’కు కుదింపు. 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త వింటన్ సెర్ఫ్, మరో ఇద్దరు రాసిన ప్రోటోకాల్ (కంప్యూటర్లు సమాచారం పంపుకునే నియమాల) పత్రం పేరులోనే ‘ఇంటర్నెట్’ అన్న మాట కనిపిస్తుంది. విడివిడిగా ఉన్న నెట్‌వర్కులను ఒకదానితో ఒకటి కలిపేది కనుక అంతర్జాలం దానికి చక్కగా అమరింది.

ఇంట్రానెట్‌లోనూ అవే ప్రోటోకాళ్లు, అదే బ్రౌజరు. కాకపోతే ఒక సంస్థ కంచె దాటదు. భారతీయ రైల్వేల ‘రైల్‌నెట్’ అలాంటిదే. ఇలాంటి చోట కంప్యూటర్లకు సాధారణంగా 10తోనో, 192.168తోనో మొదలయ్యే చిరునామాలుంటాయి. అవి సొంత నెట్‌వర్కుల కోసం కేటాయించినవి, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. అందుకే ఆఫీసులో తెరుచుకునే లింకు ఇంట్లో తెరుచుకోదు; వీపీఎన్ (బయటినుంచి సంస్థ నెట్‌వర్కులోకి చేర్చే రక్షిత దారి) ద్వారా లోపలికి వెళ్తే తప్ప.

మీ పుస్తకంలో ‘సెలవు దరఖాస్తు అంతర్జాలంలో ఉంది’ అని చదివిన ఉద్యోగి ఇంట్లో కూర్చుని ఫోన్లో వెతుకుతాడు. పేజీ రాదు. నెట్ బాగాలేదనుకుంటాడు. దీనికి తిరగేసిన కేసూ ఉంది: బయటి లైను తెగినా వై-ఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, ఆఫీసు పేజీలు వస్తూనే ఉంటాయి, బయటివి మాత్రం రావు. అప్పుడు ‘నెట్ పోయింది’ అని రాస్తే మరమ్మతు చేసేవాడికి ఏమీ తెలియదు. ఏది పోయిందో రాయాలి.

ఇంట్రానెట్‌కు మొదటిసారి వచ్చినచోట ‘సంస్థ అంతర్గత జాలం, అంటే ఇంట్రానెట్’ అని రాసి, ఆ తర్వాత ‘అంతర్గత జాలం’ అంటే చాలు. అంతర్గతానికి ‘నడుమ’ అన్న అర్థం వాడుకలో లేదు గనుక అనుమానానికి చోటుండదు. ‘లోజాలం’ పొట్టిగా బాగుంటుంది, తెలుగు ‘లో’ మీద సంస్కృత ‘జాలం’ చేరిన మిశ్రసమాసం కాబట్టి వ్యాకరణమూ అడ్డు చెప్పదు. కాని అలవాటు లేని మాటను సూచనల పుస్తకంలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ‘అంతర్వల’ జోలికి మాత్రం పోవద్దు. సంస్కృత పదం మీద తెలుగు ‘వల’ చేరి, వ్యాకరణం ఒప్పుకోని వైరిసమాసమవుతుంది.

‘అంతార్జాలం’ అన్న దీర్ఘం కూడా అక్కడక్కడ కనిపిస్తోంది. అది తప్పు. అంతర్ తర్వాత రేఫ (‘ర’ ధ్వని) వస్తేనే ముందున్న రేఫ లోపించి దీర్ఘం వస్తుంది: పునర్ + రమతే = పునారమతే అయినట్టు. జకారం ముందు ఆ పని జరగదు. ఈ సూత్రం ప్రకారమే ‘అంతర్రాష్ట్ర’ కూడా కుదరదు. ‘అంతర’ శబ్దంతో ‘అంతరరాష్ట్ర’ అని రాసుకోవచ్చు.

ఇంకొకటి. మీరు పంపిన వాక్యాల్లో ‘అంతర్జాలంపై చూడండి’ అని ఉంది. ఆ ‘పై’ ఇంగ్లీషు ‘ఆన్’ నీడ. తెలుగువాళ్లు నెట్‌లో చూస్తారు, నెట్ మీద చూడరు.