పరపతి పోయినవాడికి ఇల్లు అద్దెకిచ్చేదెవరు?

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య కాలవగట్టు ఊరు మాది. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా మా అరుగు మీద ఎన్నారై సందేహాల పంచాయతీ ఒకటి నడుస్తుంది. వీసాలు, ఇన్సూరెన్సులు, పెళ్ళి సంబంధాలు అన్నీ అక్కడే తేలాలి. ఈసారి ముక్కనుమ నాడు పొద్దున్నే పక్కింటి బాబాయి వచ్చి, ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసి అడిగారు: "అబ్బాయీ, మీ దేశంలో ఇల్లు అద్దెకివ్వడానికి కూడా మార్కులు చూస్తారట కదా? మావాడికి తక్కువ వచ్చాయట. ఇంజనీరింగులో అంత బాగా చదివాడు, ఇప్పుడీ మార్కులేమిటి?"

వాళ్ళబ్బాయి ఉండేది డాలస్‌లో. నేను న్యూజెర్సీ చేరి ఇరవై రెండేళ్ళయింది. ఫోను కలిపి మాట్లాడితే సంగతి బయటపడింది. రెండేళ్ళ కిందట ఉద్యోగం పోయింది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు మరో ఉద్యోగం చూసుకోవడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ కంగారులో కార్డు బిల్లు రెండు నెలలు కట్టలేదు. లీజు ఇంకా నాలుగు నెలలు ఉండగానే తాళాలు ఆఫీసు డబ్బాలో పడేసి, ఎవరికీ చెప్పకుండా స్నేహితుడి గదిలో చేరాడు. తర్వాత ఉద్యోగం దొరికింది, జీతం బాగుంది, మార్చిలో భార్య వస్తోంది. ఆ మార్కులు, అంటే క్రెడిట్ స్కోరు, మాత్రం 560. మూడు అపార్ట్‌మెంటు సముదాయాల్లో దరఖాస్తు పెడితే మూడు చోట్లా ఫీజు పుచ్చుకుని కుదరదన్నారు.

బాబాయికి అర్థం కావడానికి సొసైటీ నుంచి మొదలుపెట్టాను. మనం సొసైటీ అని పిలిచేదాని బోర్డు మీద సహకార పరపతి సంఘం అని ఉంటుంది. ఆ పరపతే అక్కడ క్రెడిట్. ఇక్కడ అది నలుగురి నోళ్ళలో ఉంటే, అక్కడ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థల కంప్యూటర్లలో ఉంటుంది. ఎక్కువమంది చూసే ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా నడుస్తుంది. 670 దాటితే మంచిది, 580 కంటే దిగితే బలహీనం. ఇక్కడి బ్యాంకులు చూసే మన సిబిల్ మార్కులు ఆ ఇంటి యజమాని దరఖాస్తులో కనిపించవు. ముప్పై ఏళ్ళుగా పంట అప్పు గడువు దాటనివ్వని తండ్రికి పుట్టాడన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టదు. పైగా "మాకు రూపాయి అప్పు లేదు" అని మనం ఛాతీ విరుచుకుని చెప్పే మాటకు అక్కడ అర్థం, ఈ మనిషి గురించి మాకేమీ తెలియదని. ఖాతా తెరిచి కనీసం ఆరు నెలలు గడిస్తే తప్ప ఫైకో స్కోరే పుట్టదు.

అయితే చరిత్ర లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు. కొత్తగా దిగినవాడు ఆఫర్ లెటరు, బ్యాంకులో నాలుగు డబ్బులు చూపిస్తే చాలాచోట్ల సర్దుకుంటారు. చెడినవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. మన పిల్లలు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ ఊసే ఎత్తకుండా, ఈసారి వాళ్ళు చూడరేమో అన్న ఆశతో ఒకదాని తర్వాత ఒకటి దరఖాస్తులు పెట్టి ఫీజులు పోగొట్టుకుంటారు. చూస్తారు. చూడటానికే ఆ ఫీజు.

మా నాన్నగారు రెండెకరాలు మక్తాకి, అంటే కౌలుకి, ఇచ్చేవారు. ఎవరైనా కొత్త కౌలుదారు వస్తే వాళ్ళ తాతల పేర్లు, పొలం మీద ప్రేమ, ఇలాంటివేవీ అడిగేవారు కాదు. "ఇంతకు ముందు ఎవరి చేను చేశావు? ఎందుకు వదిలేశావు?" ఇంతే. ఆ సాయంత్రం సైకిలెక్కి ఆ పాత రైతు ఇంటికి వెళ్ళేవారు. ఒక దాళ్వా పంటకి బస్తాలు బాకీ పడ్డ కౌలుదారు ఒకాయన తనంతట తానే వచ్చి, "ఆ ఏడు చేను మునిగిందండి, బాకీ మరుసటి సార్వాలో తీర్చాను, కావాలంటే అడగండి" అన్నాడు. మా నాన్నగారు అడిగారు, చేను ఇచ్చారు. అమెరికా యజమాని మనసులో ఉన్నది కూడా అదే భయం: ఒకటో తారీఖుకి మక్తా వస్తుందా, రాదా? స్కోరు ఆ భయానికి ఒక జవాబు మాత్రమే. అది బాగాలేకపోతే వేరే జవాబులు చేతిలో పెట్టుకుని వెళ్ళాలి.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. వెళ్ళిన మూడో ఏట ముగ్గురం కలిసి ఉన్న ఇల్లు ఖాళీ చేశాం. కరెంటు నా పేరు మీద ఉండేది. ఆఖరి బిల్లు పాత చిరునామాకి వెళ్ళింది, ఎవరూ చూడలేదు, 86 డాలర్లు వసూళ్ళ సంస్థకి చేరింది. ఏడాది తర్వాత ఇంటికి దరఖాస్తు పెడితే కుదరదని ఉత్తరం వచ్చింది. ఎనభై ఆరు డాలర్లకా అని రెండు రోజులు అందరినీ తిట్టుకున్నాను. తర్వాత ఆ ఉత్తరం సరిగ్గా చదివాను. మన క్రెడిట్ రిపోర్టు చూసి నిరాకరిస్తే, ఏ సంస్థ ఇచ్చిన రిపోర్టో యజమాని చెప్పి తీరాలి, 60 రోజుల్లోగా అడిగితే ఆ సంస్థ మనకు ఉచితంగా ప్రతి ఇవ్వాలి. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం సంగతి ఇది. బాకీ కట్టి, రసీదు పట్టుకుని, ఈసారి పెద్ద సముదాయాలు వదిలేసి ఒక ముసలాయన మేడ మీద వాటా అద్దెకిస్తున్నాడంటే వెళ్ళాను. అడగకముందే కథంతా చెప్పేశాను. జీతం చిట్టీలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందుంచాను. ఆయన వాటిని పైపైన చూసి, "నీ పాత ఇంటి యజమాని ఫోను నంబరు ఇవ్వు" అన్నాడు. మా నాన్నగారి సైకిలు గుర్తొచ్చింది.

కాబట్టి స్కోరు తక్కువగా ఉన్నవాళ్ళు ముందు వెతకాల్సింది సొంతంగా ఒకటో రెండో ఇళ్ళున్న మనిషిని. పెద్ద సముదాయాల్లో దరఖాస్తును జల్లెడ పట్టేది చాలావరకు కంప్యూటరే. దానికి సంజాయిషీ వినే చెవులు లేవు. అయినా వెళ్ళాలనుకుంటే ఫీజు కట్టకముందే ఆఫీసులో అడగండి, మీ దగ్గర కనీస స్కోరు ఎంత, పాత లీజు బాకీ ఉంటే తీసుకుంటారా అని. అడగందే అమ్మయినా పెట్టదు. చాలాచోట్ల నెల జీతం అద్దెకు మూడింతలు ఉండాలంటారు. న్యూయార్క్‌లో అయితే ఏడాది జీతం నెల అద్దెకు నలభై రెట్లు అడగడం వాడుక. ఆ లెక్కకు బాగా పైన జీతం ఉంటే తక్కువ స్కోరును కొంత మోసేస్తుంది. కాస్త చవక ఇల్లు చూసుకోమనడం వెనుక కిటుకు అదే. శీతాకాలంలో ఇల్లు వెతికేవాళ్ళు తగ్గుతారు, ఖాళీ వాటా ఉన్న యజమాని అప్పుడు బేరానికి కాస్త వింటాడు.

సంజాయిషీ ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. ఫలానా నెలలో ఉద్యోగం పోయింది, ఫలానా బిల్లు ఆగింది, ఫలానా తేదీన కట్టాను, అప్పటి నుంచి ఒక్కటీ ఆలస్యం లేదు. ఇంతే. కన్నీళ్ళు వద్దు, పాత ఆఫీసు మీద కోపం అసలు వద్దు. స్నేహితుడి గదిలో వాటా కట్టుకుంటూ ఉన్నవాళ్ళు ఆ డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి. పన్నెండు నెలలు ఒకే తేదీన వెళ్ళిన అద్దె, స్టేట్‌మెంటులో చూపిస్తే దాని బరువు దానికుంటుంది. బాబాయి కొడుకు రెండేళ్ళుగా నగదు ఇస్తున్నాడట. అవి ఎవరికి చూపిస్తాడు?

డిపాజిట్ ఎక్కువ ఇస్తామంటే కొందరు మెత్తబడతారు, కానీ అది రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్ చట్టంలో పరిమితి లేదు. న్యూజెర్సీలో నెలన్నర అద్దెకు మించకూడదు, న్యూయార్క్‌లో ఒక నెలే. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి చాలావరకు ఒక నెలకు తగ్గించారు. బాబాయి మటుకు చెరువు లీజు డబ్బు వచ్చింది, ఏడాది అద్దె ఒకేసారి పంపేస్తానన్నారు. వద్దన్నాను. చలికాలంలో హీటరు పాడైతే, బాగుచేయమని గట్టిగా అడగడానికి మన చేతిలో వచ్చే నెల అద్దె మిగిలి ఉండాలి. అంతా ముందే ఇచ్చేశాక ఇక మిగిలేది బతిమాలుకోవడమే.

పూచీ పడే మనిషిని తెచ్చుకోవడం ఇంకో దారి. అక్కడ కో-సైనర్ అంటారు. మంచి స్కోరున్న అన్నయ్యో మేనమామో సంతకం పెడితే పని జరుగుతుంది. సంతకం పెట్టేవాళ్ళతో నాదొక మాట: ఇది పెళ్ళిలో సాక్షి సంతకం కాదు. వాడు కట్టకపోతే మొత్తం మీ మెడకే. ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒకే లీజు మీద సంతకాలు చేసినా అంతే. ఎవరి వాటాకి వాళ్ళే బాధ్యులమని అనుకుంటారు, లీజులో మాత్రం ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులని ఉంటుంది. ఒకడు రాత్రికి రాత్రి విమానమెక్కితే మిగిలినవాళ్ళ రికార్డు చెడుతుంది. మనుషులు దొరకనప్పుడు ఫీజు పుచ్చుకుని పూచీ పడే కంపెనీలు కూడా ఉన్నాయి, ఖర్చు చూసుకోండి. ఇల్లు మనవాళ్ళదే అయినా, మన జిల్లావాళ్ళదే అయినా, లీజు కాగితం మీద రాయించుకోండి. మొహమాటం వల్ల పోయిన డిపాజిట్లు నేను చాలా చూశాను.

స్కోరు తక్కువని తెలియగానే చుట్టూ చేరే మోసగాళ్ళ గురించి రెండు ముక్కలు. "క్రెడిట్ చూడం, నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి" అనేవాడికి అసలు ఇల్లే ఉండదు. ఇల్లు కళ్ళతో చూడకుండా డాలరు కదపకండి. రికార్డు కడిగి ముత్యంలా చేస్తామంటూ ముందే డబ్బడిగేవాళ్ళు రెండో రకం. అలాంటి సంస్థలు పని పూర్తికాకముందు డబ్బు తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. నిజమైన బాకీ ఏడేళ్ళ దాకా రికార్డులో ఉండిపోవచ్చు, దాన్ని మంత్రం వేసి ఎవరూ తీయలేరు. తప్పు నమోదైతే ఆ రిపోర్టు సంస్థకి మీరే రాసి పంపవచ్చు, పైసా ఖర్చుండదు, మామూలుగా 30 రోజుల్లో విచారించి తేల్చాలి. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు సంస్థల రిపోర్టులూ వారానికోసారి ఉచితం. మూడూ తెప్పించుకోండి, ఒకదానిలో లేని చెత్త మరోదానిలో ఉంటుంది.

స్కోరు కూడదీసుకోవడం నిదానం మీద పని. ఫైకో లెక్కలో 35 శాతం గడువుకు కట్టారా లేదా అన్నదే. ఇంకో 30 శాతం ఎంత వాడుకున్నారన్నది, అందుకే కార్డు పరిమితిలో మూడో వంతుకు తక్కువే వాడండి. మామూలు కార్డు ఇవ్వకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు ఉంటుంది. నెలకోసారి పెట్రోలు కొట్టించి, బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టుకునేలా పెట్టండి. ఒకటి రెండు రోజుల ఆలస్యానికి జరిమానా పడుతుంది గానీ 30 రోజులు దాటితేనే సాధారణంగా రికార్డుకెక్కుతుంది. ఇండియాకి సెలవుల్లో వచ్చినప్పుడు బిల్లు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. మీ పందేల బరిలో తిరిగే వారం రోజులకీ అక్కడ గడియారం ఆగదు.

ఇంత చెప్పాక బాబాయి అడిగారు, "మన సొసైటీ ప్రెసిడెంటు చేత ఒక ఉత్తరం రాయించి పంపితేనో?" నవ్వలేదు నేను. అక్కడ ఎవరికీ తెలుగు రాదు కదా అని మాత్రం అన్నాను.

ఆ కుర్రాడికి చెప్పిన మొదటి పని వేరు. కొత్త ఇల్లు వెతకడం వారం ఆపి, పాత అపార్ట్‌మెంటు ఆఫీసుకి ఫోను చేసి బాకీ చిట్టా తెప్పించుకోమన్నాను. రెండేళ్ళుగా ఆ ఆఫీసు పేరు ఎత్తితేనే భయపడుతున్నాడు. రెండు రోజుల తర్వాత చిట్టా నా ఫోనుకి పంపాడు. నాలుగు నెలల అద్దె పూర్తిగా వేశారు. అడిగించి చూస్తే, అతను వెళ్ళిన ఆరో వారంలోనే ఆ వాటాలో వేరేవాళ్ళు దిగారని తేలింది. టెక్సస్‌లో మధ్యలో వదిలేసి పోయిన ఇంటిని మళ్ళీ అద్దెకివ్వడానికి యజమాని ప్రయత్నించి తీరాలి, అలా వచ్చిన అద్దెను బాకీలోంచి తగ్గించాలి. ఒకే ఇంటికి ఇద్దరి దగ్గర అద్దె వసూలు చేయడం కుదరదు. ఆ సంగతి మర్యాదగా, తేదీలతో సహా, కాగితం మీద రాసి పంపమన్నాను. మిగిలిన న్యాయమైన బాకీ ఎంతో తేల్చి, కట్టాక ఇంకేమీ లేదని రాసిస్తామని ముందే రాతలో తీసుకుని, అప్పుడు కట్టమన్నాను.

బాబాయి ఆ చిట్టా నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. "ఒకే చేనుకి ఇద్దరి దగ్గర మక్తానా?" అని, కండువా దులుపుకుని, కొబ్బరి దింపువాళ్ళు వచ్చారంటూ లేచి వెళ్ళారు.