పాస్‌వర్డులు ఆపేసిన ఐటీ సపోర్ట్ సంస్థ: కేసు పెట్టవచ్చా, కొత్త ఒప్పందం ఎలా రాసుకోవాలి?

సందేహం: ఖమ్మంలో మాకు డయాగ్నస్టిక్ ల్యాబ్, ఊళ్లోనే రెండు కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి. మొత్తం 14 కంప్యూటర్లు, ఒక సర్వర్. హైదరాబాద్ సంస్థ ఒకదానితో మూడేళ్లకు ఐటీ సపోర్ట్ ఒప్పందం చేసుకున్నాం. రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో మార్పులు కూడా వాళ్లే చేశారు. ఫోన్ చేస్తే పలకడం లేదని, వేరేవాళ్లకు మారతామని మెయిల్ పెట్టాం. మర్నాడే సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్, మా ఈమెయిళ్ల అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేశారు. ఒప్పందంలో ఇంకా ఏడాదికి పైగా ఉంది, ఆ సొమ్మంతా కడితేనే ఇస్తామంటున్నారు. మేం రెండు నెలల బిల్లు ఆపిన మాట నిజమే. మా వెబ్‌సైట్ డొమైన్ కూడా వాళ్ల పేరు మీదే ఉందని ఇప్పుడే తెలిసింది. కేసు పెట్టవచ్చా? ఇకమీదట ఏది మేలు: పిలిచినప్పుడు వచ్చే టెక్నీషియనా, ఏడాది నిర్వహణ ఒప్పందమా (ఏఎంసీ), నెలవారీ సపోర్ట్ కంపెనీనా, సొంతంగా ఒక మనిషిని పెట్టుకోవడమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: లాయర్ నోటీసు సంగతి తర్వాత. ముందు ఈ రోజే, ఇంకా తెరుచుకుంటున్న ప్రతి కంప్యూటర్ నుంచి రోగుల రిపోర్టులు, బిల్లులు, అకౌంట్ల డేటా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించండి. డేటా చేతిలో ఉన్నవాళ్లు ఇలాంటి గొడవల్లో నిబ్బరంగా మాట్లాడగలుగుతారు. లేనివాళ్లు కేసు ఎంత బలంగా ఉన్నా చివరికి అడిగినంతా కట్టి బయటపడతారు. పాస్‌వర్డ్ మార్చిన తేదీ తెలిపే మెయిళ్లు, సొమ్ము కట్టమని వాళ్లు పంపిన వాట్సాప్ సందేశాలు దేన్నీ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోక, ఆ సందేశం వచ్చిన ఫోన్‌ను, మెయిల్ ఖాతాను అలాగే ఉంచండి.

బకాయి ఉంది కాబట్టి పాస్‌వర్డ్ ఆపుకునే హక్కు తమకుందని వాళ్లు అనుకుంటూ ఉండవచ్చు. చాలామంది అలాగే అనుకుంటారు. కాంట్రాక్టు చట్టం 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, మనం అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవారు కూలి అందేదాకా ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. సానబట్టిన కూలి ఇవ్వకపోతే నగల పనివాడు వజ్రాన్ని ఆపుకోవచ్చని ఆ సెక్షన్ కింద ఉదాహరణే ఉంది. రిపేరుకు తీసుకెళ్లిన ల్యాప్‌టాప్‌ను, ఆ రిపేరు ఛార్జీ కోసం వాళ్లు ఆపితే అడగడం కష్టం. మీ సర్వర్ అలా కాదు, అది మీ ల్యాబ్‌లోనే, మీ స్వాధీనంలోనే ఉంది. పాస్‌వర్డ్ మీరు రిపేరుకు అప్పగించిన వస్తువూ కాదు. ఏ బాకీకైనా ఏ వస్తువునైనా ఆపుకునే విస్తృత హక్కు 171వ సెక్షన్‌లో ఉంది గానీ, అది బ్యాంకర్ల వంటి కొద్దిమందికే. ఐటీ సంస్థ ఆ జాబితాలో లేదు. మీ ఒప్పందంలో అలాంటి హక్కు రాసిచ్చారేమో మాత్రం ఒకసారి చదివి చూసుకోండి.

మీ కేసు బలమంతా ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్‌లో ఉంది. కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా అందులోకి ప్రవేశించినా, డేటా కాపీ చేసుకున్నా, వాడుకునే హక్కున్నవారికి ప్రవేశం లేకుండా చేసినా నష్టపరిహారం ఇవ్వాలి. అదే పని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పాత పాస్‌వర్డ్ చెప్పకుండా నాన్చుతూ ఉంటే అది ప్రవేశం నిరాకరించడం కిందికి వస్తుందా రాదా అని వాదించుకునే వీలుండేది. మీరు మారతామన్న మర్నాడే మార్చేసి, సొమ్ము అడిగారు. తేదీల వరుస మీ వైపే ఉంది.

ఇక్కడ చాలామంది వదిలేసే చిన్న విషయం ఒకటుంది. 43వ సెక్షన్ మొత్తం ‘అనుమతి’ అనే మాట మీద నిలబడింది. ఒప్పందం నడిచినంతకాలం వాళ్లకు మీ అనుమతి ఉంది. ఎనీడెస్క్‌లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ మీ 14 కంప్యూటర్లలోనూ ఉండే ఉంటుంది. ఇప్పటికీ దాని గుండా ఎవరైనా లోపలికి వస్తే, ‘మాకు అనుమతి ఉంది, మెయింటెనెన్స్ కోసమే వచ్చాం’ అంటారు. కాబట్టి నోటీసులో మొదటి వాక్యంగా, ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి మా కంప్యూటర్లు, సర్వర్, ఖాతాల్లోకి ప్రవేశించే అనుమతిని ఉపసంహరించుకుంటున్నాం అని రాయించండి. పాస్‌వర్డులు అప్పగించేందుకు మాత్రం మీ ప్రతినిధి సమక్షంలో, చెప్పిన సమయంలో ప్రవేశించవచ్చని మినహాయింపు ఇవ్వండి. రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను అన్ని కంప్యూటర్ల నుంచీ తీసేయించండి. ఆ తర్వాత జరిగే ప్రతి చొరబాటూ నేరుగా 43వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఇక మీ వైపున్న బలహీనత. ఆ రెండు నెలల బిల్లు. సేవ అందిన మేరకు అభ్యంతరాన్ని రాతలో నమోదు చేస్తూ బ్యాంకు ద్వారా కట్టేయండి. ఆ సంస్థకు చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, అలాంటి సంస్థల బకాయిలకు రక్షణ ఇచ్చే ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 వాళ్లకు పెద్ద ఆయుధం. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టం కింద బకాయి వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ వాళ్లకు అనుకూలంగా ఆదేశమిస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే మీరు ముందు 75 శాతం సొమ్ము జమచేయాలి. చిన్న బకాయి ఆపి ఇంత తలనొప్పి తెచ్చుకోవద్దు. పైగా బకాయి తీరిపోతే పాస్‌వర్డ్ ఆపడానికి వాళ్ల దగ్గర మిగిలే సాకు ఒక్కటే, మిగతా కాలపు సొమ్ము.

ఆ సొమ్మంతా వాళ్లకు హక్కుగా రాదు. ముందుగా రద్దు చేస్తే మొత్తం కట్టాలన్న షరతు ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. 1963లో ఫతే చంద్ కేసు నుంచి 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసు దాకా సుప్రీంకోర్టు ఇదే దారిలో చెబుతూ వచ్చింది. నష్టం జరిగి ఉండాలి, దాన్ని లెక్కగట్టడం సాధ్యమయ్యే చోట రుజువు చేయాలి. మీ కోసం కొన్న పరికరాలు, ప్రత్యేకంగా పెట్టిన మనిషి జీతం చూపిస్తే కొంత రావచ్చు. మీరు ఫోన్ చేసినా పలకలేదన్న రికార్డు ఉంటే, ముందు ఒప్పందాన్ని ఉల్లంఘించింది వాళ్లేనని మీ వాదన. కంప్లెయింట్ నంబర్లు, మెయిళ్లు తేదీలవారీగా పోగుచేయండి.

నోటీసుకు 7 రోజుల గడువు చాలు. అప్పటికీ ఇవ్వకపోతే, వినియోగదారుల కమిషన్ వైపు చూడకండి. వాణిజ్య ప్రయోజనం కోసం తీసుకున్న సేవ కాబట్టి 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం సాధారణంగా మీరు ‘వినియోగదారు’ కారు. జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునేవారికి మినహాయింపు ఉన్నా, సిబ్బందితో మూడు చోట్ల నడిచే ల్యాబ్‌కు అది దొరకడం కష్టం. నష్టపరిహారం రూ.5 కోట్లలోపైతే ఐటీ చట్టం కింద పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ అధికారికి దరఖాస్తు చేయాలి. ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే ఆ అధికారి. ఈ దారి ఒకటుందని కూడా చాలామందికి తెలియదు, అది నాకు బాధ కలిగించే విషయం. చిన్న వ్యాపారులకు ఇది ఎంతో ఉపయోగపడాల్సిన వేదిక. పోలీసు ఫిర్యాదు సమాంతరంగా ఇవ్వవచ్చు, దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి చేయాలి. ‘ఇది సివిల్ తగాదా’ అని పంపించేస్తారేమోనన్న భయం ఉంటే, పాస్‌వర్డ్ మార్చిన తేదీ, సొమ్ము అడిగిన సందేశం పక్కపక్కనే పెట్టి చూపించండి.

పాస్‌వర్డులు వెంటనే ఇప్పించమనే ఉత్తర్వు కావాలంటే కోర్టుకే వెళ్లాలి. వివాద విలువ రూ.3 లక్షలు దాటితే వాణిజ్య కోర్టు. అక్కడ దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అయితే అత్యవసర తాత్కాలిక ఉత్తర్వు అడిగేటప్పుడు ఆ షరతు వర్తించదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ఇరుపక్షాలూ ఒప్పుకున్న వ్యక్తి తీర్పు చెప్పడం) షరతు ఉంటే, ఆర్బిట్రేషన్ చట్టంలోని 9వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు కోరాలి. ఏ ఊరి కోర్టుకో తేలేది, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ స్థానంగా రాసిన ఊరిని బట్టి.

డొమైన్ విషయంలో, డబ్బు మీరు కట్టినట్టు రసీదులుంటే బదిలీని నోటీసులోనే కోరండి. పేరు ‘.ఇన్’తో ముగిసేదైతే దాని రిజిస్ట్రీ నిక్సీ దగ్గర వివాద పరిష్కార విధానం ఉంది గానీ, ఆ పేరు మీద మీకు ముందునుంచీ హక్కు ఉందని చూపాలి. ల్యాబ్ పేరుకు ట్రేడ్‌మార్క్ లేకపోతే ఇప్పుడైనా దరఖాస్తు చేయండి.

రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు చేసిన మార్పుల గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం బయటి సంస్థ రాసిన కోడ్ హక్కులు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ సంస్థవే. డబ్బు కట్టినంత మాత్రాన మీవి కావు. అదే పని మీ ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసి ఉంటే హక్కు మీదయ్యేది. డేటా మాత్రం వాళ్లది కాదు. కాబట్టి కోడ్ కోసం పోట్లాడకుండా, డేటాను వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే రూపంలో ఇమ్మని అడగండి.

ఇక మీ రెండో ప్రశ్న. పిలిచినప్పుడు వచ్చే టెక్నీషియన్ ప్రింటర్‌కూ కీబోర్డుకూ చాలు, రోగుల రిపోర్టులున్న సర్వర్‌కు చాలడు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో చెప్పే కాగితమే ఉండదు. ఏఎంసీలు ఎక్కువగా హార్డ్‌వేర్ మరమ్మతు వరకే రాస్తారు. బ్యాకప్, భద్రత అందులో ఉన్నాయనుకుని చాలామంది మోసపోతారు. సొంత మనిషి మంచిదే, కానీ ఆయన సెలవు పెట్టినా మానేసినా పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది. మీ పరిమాణానికి నెలవారీ సపోర్ట్, దానికి తోడు ఊళ్లో ఒక టెక్నీషియన్ సరిపోతుందని నా అభిప్రాయం. ఖర్చు లెక్కలో ఒకటి గుర్తుంచుకోండి: ల్యాబ్ పరీక్షలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున, సపోర్ట్ బిల్లు మీద మీరు కట్టే 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్ను మీకు తిరిగి సర్దుబాటు కాదు. కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపే పోల్చండి.

ఎవరిని పెట్టుకున్నా, రోగులకు జవాబు చెప్పాల్సింది మీరే. వైద్య రికార్డులను 2011 ఐటీ నియమాలు సున్నిత సమాచారంగా గుర్తించాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023కు నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, 2027 మే నుంచి అమలవుతాయి. ఒప్పందంలో ఏం రాసుకున్నా, సపోర్ట్ సంస్థ చేతిలో డేటా లీకైతే ఆ చట్టం కింది డేటా పరిరక్షణ బోర్డు ముందు నిలబడేది మీరే. భద్రత లోపిస్తే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండవచ్చు. మీలాంటి ల్యాబ్‌కు అంత వేస్తారని కాదు, ఉల్లంఘన తీవ్రతను బట్టి బోర్డు నిర్ణయిస్తుంది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు సమాచారం ఇవ్వాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో తెలిపే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. అర్ధరాత్రి సర్వర్ లాక్ అయితే ఆ 6 గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కొత్త ఒప్పందంలో పేర్లతో సహా రాయించండి.

ఆ ఒప్పందంలో ‘రెండు గంటల్లో స్పందిస్తాం’ అన్న మాటతో సంతృప్తి పడకండి. స్పందించడం అంటే ఫోన్ ఎత్తడమే. ఎన్ని గంటల్లో సరిచేస్తారో, చేయకపోతే బిల్లులో ఎంత తగ్గిస్తారో ఉండాలి. తమ బాధ్యత రెండు మూడు నెలల ఫీజుకు మించదని వాళ్లు రాస్తారు. డేటా లీకు, గోప్యత ఉల్లంఘనను ఆ పరిమితి నుంచి మినహాయించమని పట్టుబట్టండి. కాలం ఏడాదికి మించవద్దు, కారణం చెప్పకుండా 30 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఉండాలి, న్యాయపరిధి ఖమ్మం కోర్టులని రాయించండి. అన్నిటికన్నా ముఖ్యం, నిష్క్రమణ షరతు. బిల్లు వివాదం ఉన్నా లేకున్నా, రద్దయిన 3 రోజుల్లో పాస్‌వర్డులు, లైసెన్సులు, డేటా అప్పగించాలి. డొమైన్, ఈమెయిల్, క్లౌడ్ ఖాతాలు మొదటి రోజు నుంచే మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో ఉండాలి, వాళ్లకు వేరే అడ్మిన్ ఖాతా మాత్రమే ఇవ్వాలి.

పాత సంస్థ దొంగ సాఫ్ట్‌వేర్ ఏమైనా ఎక్కించి వెళ్లిందేమో కూడా కొత్తవాళ్లతో రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద, వాడిన వారికి కనీసం 7 రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నివేదిక చేతికొచ్చాక ‘తెలియదు’ అనడానికి ఉండదు కాబట్టి, అందులో తేలినవన్నీ ఆ వారంలోనే తీసేయించి, లైసెన్సు బిల్లులు ఫైలులో పెట్టుకోండి.