మంత్రిని ఇచ్చావు సరే, ఎదుటివాడు పుచ్చుకోకపోతే?

చి. బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన చెస్ ఆట స్కోర్ షీట్ ఫొటో చూశాను. అయిదో ఎత్తు పక్కన మహా గొప్ప ఎత్తు అని రెండు ఆశ్చర్యార్థకాలు, ఏడో ఎత్తుకి ఆట కట్టు. నీ ఉత్తరం కన్నా ముందే మీ అమ్మ ఫోన్ చేసింది, "క్వీన్ ఇచ్చేసి గెలిచింది నాన్నా" అని. మాకు చిన్నప్పటి నుంచీ అది మంత్రే, అలాగే రాస్తాను, సర్దుకో. నువ్వు "బాగుందా తాతయ్యా" అని కాకుండా "కరెక్టేనా" అని అడిగావు చూడు, గెలుపు కన్నా అది నాకు నచ్చింది.

కరెక్టు కాదమ్మా.

బోర్డు ముందేసుకుని చదువు, నేనూ వేసుకున్నాను. మన పెట్టెలో నల్ల బంటు ఒకటి పోయి ఏళ్ళయింది కదా, దాని బదులు పెట్టే చింతపిక్క ఇవాళ ఈ5 గడిలో కూర్చుంది (నిలువు వరుసలు ఏ నుంచి హెచ్, అడ్డ వరుసలు 1 నుంచి 8). నాలుగేసి ఎత్తులయ్యాయి. నీ శకటు (బిషప్) సీ4లో, గుర్రాలు సీ3లో, ఎఫ్3లో ఉన్నాయి. నీతో ఆడిన అబ్బాయి గుర్రం సీ6లో ఉంది. వాడి శకటు జీ4లో నిలబడి నీ ఎఫ్3 గుర్రాన్ని కదలనివ్వడం లేదు, కదిలితే వెనక మంత్రి పోతుంది. నువ్వు కదిపావు, ఈ5 బంటుని కొట్టావు. వాడు ఆశపడి మంత్రిని కొట్టాడు. నీ శకటు ఎఫ్7 బంటుని కొట్టి చెక్, వాడి రాజు ఈ7కి, నీ గుర్రం డీ5కి, కట్టు. ఇది పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో ఆడిన లెగాల్ పేరు మీద ఉన్న ఎత్తుగడ.

ఇప్పుడు లేచి వాడి కుర్చీలో కూర్చో. మంత్రిని ముట్టుకోకు. సీ6 గుర్రంతో ఈ5లో ఉన్న నీ గుర్రాన్ని కొట్టు. ఆ గుర్రం ఈ5కి రాగానే జీ4 శకటుకి కాపలా అయింది, నీ సీ4 శకటు మీదా కన్నేసింది. నీ మంత్రి పోయి జీ4 శకటుని కొడితే, గుర్రం నీ మంత్రిని కొడుతుంది. కొట్టకుండా మంత్రిని కాపాడుకున్నావే అనుకో, అప్పటికే గుర్రం పోయింది, దక్కింది చింతపిక్క. గుర్రం విలువ మూడు, బంటు విలువ ఒకటి, అంటే మూడు ఇచ్చి ఒకటి తెచ్చుకున్నావు.

తేడా ఎంత సన్నగా ఉంటుందో చూడు. ముందు హెచ్ బంటుని ఒక్క గడి జరిపి జీ4 శకటుని అదిలించి ఉంటే? వాడు భయపడి హెచ్5కి వెనక్కి తీస్తే, అప్పుడు నువ్వు చేసిన పనే పక్కా పని అవుతుంది. మంత్రిని కొడితే అదే ఆట కట్టు. తెలివిగా గుర్రంతో గుర్రాన్ని కొడితే, ఈసారి హెచ్5 శకటుకి ఆ గుర్రం కాపలా లేదు, నీ మంత్రి దాన్ని తినేస్తుంది. వాడు నీ సీ4 శకటుని కొడతాడు, నువ్వు మంత్రిని బీ5కి దింపి చెక్ చెప్పి ఆ గుర్రాన్నీ తీసుకుంటావు. లెక్కచూస్తే ఒక బంటు నీకు ఎక్కువ. వాడు శకటుని వెనక్కి తీయకుండా నీ ఎఫ్3 గుర్రాన్నే కొట్టేస్తే బలి (కావాలని పావునివ్వడం) మాటే లేదు, నీకు నష్టమూ లేదు.

అందుకని ఏ బలినైనా చూసేటప్పుడు ముందు ఫలితాన్ని చేత్తో మూసెయ్యి. గెలిచాం కాబట్టి మంచిదే అనుకుంటే ఇక చూడటానికేం ఉండదు. తర్వాత మంత్రిని కొట్టని జవాబులు వెతుకు. మనం అక్కడే ఎగరేస్తాం, కొడతాడనే కలలో ఉంటాం గనక. ఆ తర్వాతే కొట్టిన దారి. ప్రతి ఎత్తుకీ వాడికి ఒకే జవాబుందా లేదా చూడు. 1858లో పారిస్ ఆపెరాలో అమెరికా ఆటగాడు మార్ఫీ మంత్రిని బీ8లో పెట్టినప్పుడు, గుర్రంతో కొట్టడం తప్ప ఎదుటివాళ్ళకి ఇంకో దారి లేదు. మరుసటి ఎత్తులో ఏనుగుతో (రూక్) కట్టు. ఇలాంటిదాంట్లో వాదన ఉండదు.

కట్టు కనబడకపోతే వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే. 1956లో న్యూయార్క్‌లో తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన ఫిషర్, పదమూడేళ్ళప్పుడు, డొనాల్డ్ బర్న్ అనే ఆటగాడి మీద మంత్రిని వదిలేశాడు. బర్న్ దాన్ని కొట్టాడు. ఫిషర్ గుర్రం పక్కకు తప్పుకున్నప్పుడల్లా వెనక శకటు చెక్ చెబుతూ పోయింది. మంత్రికి బదులు చివరికి ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక బంటు వచ్చాయి. మంత్రి విలువ తొమ్మిది, ఏనుగుది అయిదు, శకటుది మూడు, అంటే తొమ్మిది ఇచ్చి పన్నెండు. ఇంతా చేసి ఆట కట్టింది పదిహేడో ఎత్తు నుంచి నలభై ఒకటో ఎత్తుకి! నాకు ముచ్చటేసేది మాత్రం ఆడని దారి. బర్న్ మంత్రిని వదిలి ఈ6లోని శకటుని కొట్టి ఉంటే, ఫిషర్ మంత్రిని ఎఫ్1లో మళ్ళీ బలిచ్చి, రాజుని సొంత పావుల మధ్యే గుర్రంతో కట్టేసేవాడు. పుచ్చుకోకపోయినా బతకనివ్వని బలి అది.

నా భాగోతమూ చెబుతాను. ఆఫీసు టోర్నమెంటులో ఓసారి మంత్రినిచ్చి గెలిచి, పదేళ్ళు ఊరంతా చెప్పుకున్నాను. ఓ రాత్రి రైల్లో అయస్కాంతాల బోర్డు మీద ఒక పెద్దాయనకి అదే చూపిస్తే, టీ తాగుతూ రాజుని ఒక గడి పక్కకి జరిపి "ఇప్పుడు?" అన్నాడు. నాకు జవాబు లేదు. ఆ కథ చెప్పడం మానేశాను, మీ అమ్మమ్మ మాత్రం మానలేదు.

కంప్యూటర్లో ఎత్తులు లెక్కకట్టే చెస్ ఇంజిన్‌ని చివర్లో తెరువు, నీ జవాబు కాగితం మీద రాసుకున్నాకే. ముందే అది చూపించే అంకె చూస్తే బుర్ర పడుకుంటుంది. ఒకటి గుర్తుంచుకో, ఓడిపోతున్న ఆటలో నీలా తెగించి వల వెయ్యడం తప్పు కాదు, పోయేదేమీ లేదు. నీకు అయిదో ఎత్తుకి ఏం కొంప మునిగిందని? హాయిగా క్యాసిలింగ్ చేసుకుని, అంటే రాజుని ఏనుగు చాటుకి చేర్చుకుని, ఆడుకోవలసిన ఆట.

ఆ ఆశ్చర్యార్థకాలు చెరిపెయ్యకు, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టు. వాడు గుర్రంతో కొట్టాడనుకుని, ఆరో ఎత్తు నుంచి తెల్లపావులతో నువ్వేం ఆడతావో ఆదివారం లోపు రాసి పంపు. నల్లపావులు నావి.

తాతయ్య