గొంతు, పియానో, ఒక కవిత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద వచ్చాయి. పేరున్న కవి రాసిన కవితను ఒక గొంతుకీ ఒక పియానోకీ కట్టిన పాటలు ఇవి. జర్మన్లు లీడ్ అంటారు, ఫ్రెంచివాళ్లు మెలొడీ అంటారు. వీటిలో పియానో పని తంబురా పని కాదు, హార్మోనియం పని అంతకన్నా కాదు. గాయని కవితను ఒకలా చదివితే పియానో ఇంకోలా చదువుతుంది. కింది జవాబులు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పన్నెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. నాది ఐదు శ్రుతి. షూబర్ట్ ‘హైడెన్‌రోస్లైన్’ మొదలుపెట్టాను కానీ పై స్వరాలు అందడం లేదు. గొంతులో లోపమా? (కూకట్‌పల్లి)

గొంతులో లోపమేమీ లేదు, మీ చేతికొచ్చిన ప్రతి మీకు తగినది కాదు. జర్మన్ కవి గోథే కవితకి ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1815లో కట్టిన ఈ పాట అసలు జి మేజర్‌లో ఉంది. దాని పై కొస, పియానో నడిమి ‘సి’ పైన వచ్చే రెండో జి. మీ షడ్జమమే జి కాబట్టి లెక్క సులువు: మీ మధ్య షడ్జమం మీద రెండు స్థాయిలు ఎక్కాలి, అంటే అతితార షడ్జమం. కచేరీలో మీరు తార పంచమం దాటి ఎప్పుడు పాడారో గుర్తు చేసుకోండి.

ఇలాంటి పాటల్ని హెచ్చు, మధ్యమ, తగ్గు గొంతులకు వేర్వేరుగా అచ్చు వేస్తారు. మీరు తగ్గు గొంతు సంపుటి తీసుకోండి. డి మేజర్‌కి దించిన ప్రతి దొరికితే పాట మీ మధ్య పంచమం నుంచి తార పంచమం వరకూ హాయిగా కూర్చుంటుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. ఇప్పుడు ఆధార షడ్జమం డి, అంటే ఇన్నాళ్లూ మీరు ‘ప’ అని పిలిచిన స్వరం. మొదటి వారం సాహిత్యం జోలికి పోకండి. పియానో మీద డి మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకుని, ఆ డిని ‘స’ అంటూ శంకరాభరణం ఆరోహణ, అవరోహణ చదవండి. పాటలో ఉపోద్ఘాతం లేదు. మొదటి అక్షరంతోనే గొంతూ పియానో కలిసి అంతర గాంధారం మీద మొదలవుతాయి కాబట్టి ఆ స్వరం ముందే చెవిలో ఉండాలి. నడుమ కొన్ని బార్లలో (స్వరలిపిలో నిలువు గీతల మధ్య గళ్లలో) ప్రతి మధ్యమం వస్తుంది. అది అన్యస్వరం కాదు, అక్కడ పంచమమే షడ్జమంగా మారింది. గ్రహభేదం (షడ్జమం చోటు మార్చడం) తెలిసిన మీకు ఇది వెంటనే పట్టుబడుతుంది.

అసలు కష్టం గమకం దగ్గర వస్తుంది. మన అంతర గాంధారం శుద్ధమైన లెక్కలో పియానో గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు తక్కువ (పక్కపక్క మీటల మధ్య దూరం వంద సెంట్లు). పియానో మీట కదలదు, మీరే దాని దగ్గరికి వెళ్లాలి. రోజూ పది నిమిషాలు ఒక్కో మీట నొక్కి, అది ఆరిపోయే దాకా ‘ఆ’ అంటూ నిలువు స్వరం పట్టండి. కంపితం వద్దు, కింది నుంచి జారుడు వద్దు. ఒక అక్షరానికి రెండు స్వరాలున్నచోట నడుమ అనుస్వరం చేర్చకుండా, మెట్టు దిగినట్టు దిగండి. మూడు చరణాలకీ వరస ఒకటే కాబట్టి తేడా అంతా మాటల్లోనే చూపాలి.

జర్మన్ రాదు. తెలుగు లిపిలో రాసుకుని పాడితే సరిపోతుందా? (తార్నాక)

మొదటి మెట్టుగా ఫరవాలేదు. జర్మన్ శబ్దాల్లో కొన్నిటికి తెలుగువాళ్ల నోరు ఇదివరకే సిద్ధంగా ఉంది. వాళ్ల జెడ్ అక్షరం మన ‘చాలు’, ‘చుక్క’లో పలికే దంత్య చకారమే. ‘నాఖ్ట్’ (రాత్రి) అనే మాటలో గొంతు నుంచి వచ్చే ఒరిపిడి హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు వినిపించేదే. రేఫ విషయంలో బెంగ వద్దు. మాట్లాడేటప్పుడు జర్మన్లు గొంతులో నలిపేస్తారు కానీ, ఈ పాటల్లో మన ‘ర’ లాగా నాలుక కొసతో పలకడమే సంప్రదాయం.

కొత్తవి రెండు అచ్చులు. నాలుకతో ‘ఈ’ అంటూ పెదవుల్ని ‘ఊ’కి గుండ్రం చేయండి, ఒకటి వస్తుంది. నాలుకతో ‘ఏ’, పెదవులతో ‘ఓ’ అనండి, రెండోది వస్తుంది. అద్దం ముందు చేయండి. పెదవులు సడలిన క్షణంలోనే శబ్దం పాడవుతుంది. ‘ఇహ్’ (నేను) అనే మాట చివర నాలుకను ‘ఈ’ దగ్గరే ఉంచి గాలి మాత్రం వదలండి. అది ‘ఇచ్’ కాదు, ‘ఇష్’ కూడా కాదు.

తెలుగు గాయకుల దగ్గర మాటిమాటికీ కనిపించే తప్పు ఇంకొకటి. మనది అజంత భాష, హల్లుతో ఆగడం మనకు అలవాటు లేదు. ‘కింట్’ (బిడ్డ) అనే మాట పాటలో ‘కింటు’ అయిపోతుంది. ఆ చిన్న ఉకారం కోసం ఒక స్వరం అదనంగా పుడుతుంది, పియానో కన్నా మీరు వెనకబడతారు. చివరి హల్లును తర్వాతి తాళం దెబ్బకి కొంచెం ముందే మూసేయండి. రాతలో ఆ మాట చివర డి అక్షరమే ఉంటుంది కానీ పలకడం ‘ట్’ అని. మాట కొసన బి, డి, జి వస్తే ప, ట, క లుగా పరుషం చేయాలి.

పాడేముందు ప్రతి జర్మన్ మాట కింద దాని తెలుగు అర్థం పెన్సిల్‌తో రాయండి. పాట మొత్తానికి ఒక భావానువాదం రాసుకుంటే సరిపోదు, ఏ స్వరం మీద ఏ మాట పడుతోందో తెలియాలి. తర్వాత రాగం లేకుండా తాళానికి మాటలు చదవండి. తార్నాకలో ఉన్న మీకు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పక్కనే. అక్కడ జర్మన్ చదువుతున్నవాళ్ల చేత ఒకసారి చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

‘ఎర్ల్‌కోనిగ్’ పియానో భాగం వాయిస్తుంటే రెండో పేజీకే కుడి ముంజేయి బిగుసుకుపోతోంది. (సికింద్రాబాద్)

షూబర్ట్ పద్దెనిమిదేళ్ల వయసులో, 1815లో, గోథే కవితకి కట్టిన పాట ఇది. జబ్బు పడ్డ కొడుకుని పట్టుకుని తండ్రి రాత్రివేళ గుర్రం మీద పరుగెడుతుంటాడు. ఆ గిట్టల చప్పుడు మీ కుడిచేతి అష్టమ స్వరాలు. అచ్చులో వేగం నిమిషానికి 152 దెబ్బలు, దెబ్బకి మూడు చొప్పున సెకనుకి ఏడున్నర పైచిలుకు. మామూలు నిలువు పియానోలో మీట దాదాపు పూర్తిగా పైకి లేస్తే తప్ప సుత్తి మళ్లీ కొట్టదు. గ్రాండ్ పియానోలో సగం లేచినా కొడుతుంది. ఇంట్లో ఉన్నది నిలువు పియానో అయితే సగం పోరాటం యంత్రంతోనే, అక్కడ 152 కోసం పట్టుబట్టకండి.

చేయి బిగుసుకునేది ప్రతి దెబ్బనీ విడిగా కొట్టినప్పుడు. మూడింటికీ కలిపి ఒక్క ఊపు ఇవ్వండి: మొదటిదానికి మణికట్టు కొంచెం కిందికి, మిగతా రెండూ అది పైకి లేస్తుండగా. 80 దగ్గర మొదలుపెట్టి రెండు బార్లు వాయించి రెండు బార్లు చేయి ఒళ్లో పెట్టుకోండి. సుఖంగా ఉన్న రోజే 4 పెంచండి. నొప్పి వస్తే ఆ రోజుకి మూసేయాలి. ‘ఇంకొక్కసారి’ అనుకుంటే గాయం అవుతుంది. ఎడమ చేతికి విరామం ఉన్నచోట కింది స్వరాన్ని దానికివ్వండి, వినేవాళ్లకి తేడా తెలియదు. మొదట్లోనే గట్టిగా వాయిస్తే చివరికి బలం మిగలదు, కుడిచేయి మధ్యస్థంగా ఉంచి ఎడమచేతి ఎక్కుడు వరసనే పైకి తేండి.

ఆ పిల్లవాణ్ణి మోహినిలా పిలిచే మాయరాజు, అంటే పాట పేరులోని ఎర్ల్‌కోనిగ్, మాట్లాడే చోట్ల స్వరకర్త వాయించే తీరు మార్చాడు. రాజు మొదటిసారి పలికేచోట మూడింటిలో మొదటిది ఎడమచేతికి వెళ్తుంది, కుడిచేతికి మిగతా రెండే. అది మీకు దొరికిన విశ్రాంతి, అక్కడ భుజం దించండి. ఇవన్నీ చేసినా కుదరకపోతే దెబ్బకి రెండేసి వాయించండి. షూబర్ట్ చేతిరాత ప్రతుల్లో ఒకదానిలో ఆ సులభ రూపమే ఉంది, కాబట్టి తప్పు చేస్తున్నామన్న భావన అక్కర్లేదు.

షూమన్ ‘డిష్టర్‌లీబె’లో మొదటి పాట చివరి పేజీ మా ప్రతిలో లేదనుకుంటాను. పాట నడుమలో ఆగిపోయింది. (సైనిక్‌పురి)

మీ ప్రతి సరైనదే. జర్మన్ కవి హైనే కవితలకి జర్మన్ స్వరకర్త షూమన్ 1840లో కట్టిన ఈ పదహారు పాటల మాలలో మొదటిది ముగింపుకి చేరదు. షడ్జమం కోసం చెవి ఎదురుచూస్తుండగానే పియానో ఆగిపోతుంది, ప్రేమ చెప్పుకున్నవాడికి జవాబు రాలేదు కాబట్టి. ఆ చివరి కార్డ్‌ని బలవంతంగా ముగించకండి. పెడల్ మెల్లగా వదిలి, పేజీ తిప్పే శబ్దం కూడా లేకుండా రెండో పాటలోకి వెళ్లండి.

తెలుగు కవితకి ఇలా పియానోతో కట్టవచ్చా? గురజాడనా, కృష్ణశాస్త్రినా? (మారేడ్‌పల్లి)

తప్పకుండా కట్టండి. ముందు హక్కుల సంగతి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఏ అడ్డూ లేదు. కృష్ణశాస్త్రి 1980లో పోయారు, 2040 చివరిదాకా హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అందుకే గురజాడతో మొదలుపెట్టండి.

ముత్యాల సరం ఈ పనికి చేతికందే ఛందస్సు. పాదానికి 14 మాత్రలు, 3+4+3+4. ‘కొత్త పాతల మేలు కలయిక’ తీసుకోండి: కొత్త మూడు, పాతల నాలుగు, మేలు మూడు, కలయిక నాలుగు. మిశ్రచాపు. స్టాఫ్ (పాశ్చాత్య స్వరలిపి ఐదు గీతలు) మీద 7/8 రాసి, తోకల్ని మూడూ నాలుగుగా కలపండి. 4/4లోకి ఇరికించడానికి చివర ఒక మాత్ర చేర్చారో, నడక చచ్చిపోతుంది.

ప్రతి గణం మొదట్లో కార్డ్ మార్చాలనిపిస్తుంది. పై పాదంలో ఫరవాలేదు, మాటలు గణాలతో సరిగ్గా తెగుతున్నాయి. కానీ ‘గుత్తునా ముత్యాల సరములు’ అన్నచోట గణాలు గుత్తు, నాము, త్యాల, సరములు అని తెగుతాయి. మూడో గణానికి కార్డ్ మారిస్తే ‘ముత్యాల’ రెండు ముక్కలవుతుంది. అక్కడ పాత కార్డ్‌నే నిలిపి ‘సరములు’ దగ్గర మార్చండి. పాదం పాదానికీ ఇలా చూసుకోవాలి, సూత్రం ఒకటి పెట్టుకుంటే కుదరదు.

ఇక దీర్ఘహ్రస్వాలు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు ఇస్తే చాలనుకుంటాం. ‘పాతల’లో ‘పా’ గురువే, ‘కొత్త’లో ‘కొ’ కూడా గురువే. కానీ ‘పా’ పొడుగు అచ్చులో ఉంది, ‘కొ’ పొడుగు వెనకున్న ద్విత్వంలో ఉంది. రెండు మాత్రలూ ‘కొ’ మీద గొంతు సాగిస్తే వినేవాడికి ‘కోత’ వినిపిస్తుంది. అచ్చుని ఒకటిన్నర మాత్ర దగ్గర మూసి, మిగతా అర మాత్ర తకారానికి వదలండి. ఆ అర మాత్రలో గొంతు ఉండదు. కాబట్టి పియానో స్వరలిపిలో అక్కడ పెడల్ గుర్తు వేసి, కింది స్వరం మోగుతూ ఉండేలా రాయండి. గొంతు మూసిన చోట పియానో నిలబడితే పాదం తెగదు, మాటా చెడదు. జర్మన్ పాటల నమూనా చూసి తెలుగుకి కట్టినవాళ్లు చాలాసార్లు జారేది ఇక్కడే.

మొదటి ప్రయత్నానికి నాలుగు పాదాల సరం ఒక్కటి చాలు. చివరి పాదంలో మాత్రలు తగ్గుతాయి. ‘క్రొమ్మెరుంగులు జిమ్మగా’లో పన్నెండే. మిగిలిన రెండు మాత్రలూ గాయని ‘గా’ని సాగదీసి నింపకుండా పియానోకి ఇవ్వండి.

మన ఊరి కవయిత్రి సరోజినీ నాయుడు కవితలకి ఇలాంటి పాటలున్నాయా? (నాంపల్లి)

ఉన్నాయి. 1905లో వచ్చిన ఆమె మొదటి సంపుటి ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ నుంచి కవితలు తీసుకుని, ఆంగ్ల స్వరకర్త్రి లీజా లేమాన్ మరుసటి ఏడాది అదే పేరుతో పాటల మాల కట్టారు. మీకు దగ్గర్లోని ఆ పేరుగల ఇంట్లో ఒక సాయంత్రం పాడదగ్గవి. ఇంగ్లీషు కాబట్టి ఉచ్చారణ బెడద తక్కువ. విడిగా పాడుకోగలిగే భాగాల్ని ఎంచుకుని, కవితల తెలుగు అనువాదం అచ్చు వేసి శ్రోతలకివ్వండి. ఒక కవిత ఒక పేజీలోనే ముగియాలి. లేకపోతే సరిగ్గా మెల్లని స్వరం దగ్గరే హాలంతా కాగితాలు తిప్పుతుంది. దీపాలు చదవడానికి చాలినంత వెలుగులో ఉంచండి.