‘అనవసర డిస్కులు’ ఐదెందుకు?

సందేహం: మా సహకార సంఘంలో కొత్త సర్వర్ పెడుతున్నాం. రెయిడ్ కార్డు ఒకటి, 4 టీబీ డిస్కులు నాలుగు, ఇంకొకటి స్పేర్. సిబ్బంది కోసం తెలుగులో సూచనల పుస్తకం రాసే పని నాకు పడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ‘వేగవర్ధిత యంత్రపరికర ఆధారిత అనవసర స్వతంత్ర డిస్కుల శ్రేణి’ అని పేరు పెట్టాను. లోపల ‘వేడి విడి డిస్కు’, ‘సమానత్వ సమాచారం’, ‘శ్రేణి దిగజారినది’, ‘వెనుకకు వ్రాయుట’ లాంటివి వచ్చాయి. అకౌంట్స్ చూసే పెద్దాయన ఫైలు మీద ‘అనవసరమైనవి ఐదెందుకు?’ అని రాసి తిప్పి పంపారు. ఏది ఎలా రాయాలి? అసలు రైడ్ అనాలా, రెయిడ్ అనాలా?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: అకౌంట్స్ ఆయన తప్పేమీ లేదు. మీరు రాసింది ఆయన చదివారు.

రెయిడ్ అంటే ‘రిడండెంట్ ఎరే ఆఫ్ ఇండిపెండెంట్ డిస్క్స్’, చాలా డిస్కుల్ని కలిపి ఒకే జట్టుగా వాడే పద్ధతి. అందులో ‘రిడండెంట్’కి నిఘంటువు ఇచ్చిన ‘అనవసర’ అన్న అర్థం అబద్ధమేం కాదు. కాకపోతే అది వాక్యాల గురించి చెప్పే అర్థం. ఒకసారి చెప్పిందే ఇంకోసారి చెబితే మనవాళ్లు పునరుక్తి దోషం అన్నారు. యంత్రాల దగ్గరికి వచ్చేసరికి అదే గుణం. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఈ పేరుతో పరిశోధన పత్రం వెలువరించినప్పుడు వాళ్ల ఆలోచన ఇది: ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడితే వేగం వస్తుంది. కానీ డిస్కులు పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి పోయే అవకాశమూ పెరుగుతుంది. అందుకని ఒకటి పోయినా పని ఆగకుండా కొంత సమాచారం ఎక్కువగా రాసిపెట్టుకోవాలి. ఆ ఎక్కువే ‘రిడండెన్సీ’. మీరు ‘స్వతంత్ర’ అన్న మాట మొదట ‘చవక’ అనే ఉండేది, తర్వాత మారింది. అమ్ముకునే సరుకు మీద చవక అని ఎవరు రాసుకుంటారు! ఆ డిస్కులు ఎలాగూ కలిసే పనిచేస్తాయి కనుక తెలుగులో ‘స్వతంత్ర’ మాట ఎత్తకపోయినా నష్టం లేదు.

‘అనవసర’ బదులు ఏం రాయాలి? మనింట్లోనే ఉంది: మారు. బీరువాకి మారు తాళంచెవి ఉంటుంది. విస్తట్లో మారు వడ్డిస్తారు. ‘రెండు మార్లు చెప్పాను’ అంటాం. ఇంకోసారి, ఇంకొకటి, ఒకదాని బదులు ఒకటి, ఈ మూడు అర్థాలూ ఆ రెండక్షరాల్లో ఉన్నాయి. మారు తాళంచెవి చేయించిన మనిషిని అనవసరంగా చేయించావని ఎవరూ అనరు. కాబట్టి ‘మారు సమాచారం’ అనండి. ‘మారు డిస్కు’ అని మాత్రం అనకండి. మీ నాలుగు డిస్కుల జట్టులో మారుగా ఉన్నది డిస్కు కాదు, అన్నిటిలోనూ పంచి రాసిన సమాచారం. రెయిడ్ 5 అనే రకంలో నాలుగు 4 టీబీ డిస్కులు పెడితే మీకు దక్కేది 12 టీబీ. మిగతా 4 టీబీ అంత చోటు మారు సమాచారానికి పోతుంది. అదంతా ఒకే డిస్కులో కూర్చోదు, నాలుగింటిలోనూ తలా కొంత ఉంటుంది.

ఇక మీ ‘సమానత్వం’. ఇది చదివి నేను కాసేపు నవ్వుకున్నాను, మన్నించండి. డిస్కులకు రాజ్యాంగ హక్కులు ఇచ్చినట్టుంది. ఇక్కడ ‘ప్యారిటీ’ అంటే సరి, బేసి. చిన్నప్పుడు గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని ‘సరా, బేసా?’ అని అడిగేవాళ్లం చూడండి, అదే. మూడు డిస్కుల్లో ఒకే స్థానంలో 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు రెండు, అంటే సరి. కాబట్టి నాలుగో దానిలో 0 రాస్తారు. మూడింటిలోనూ 1 ఉంటే బేసి, అప్పుడు నాలుగో దానిలో 1 వేసి సరి చేస్తారు. నియమం ఒక్కటే: నాలుగూ కలిపి చూస్తే ఒకట్లు ఎప్పుడూ సరిగా ఉండాలి. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే సరి, కనుక పోయింది 0. ఇలా ప్రతి స్థానంలోనూ అడుగుతూ పోతే పోయిన డిస్కు మొత్తం బయటికొస్తుంది. ‘సరిబేసి లెక్క’ అని రాస్తే మీ సిబ్బందిలో అర్థం కానివాళ్లు ఉండరు. ‘సరి చేయడం’ అనే మాటకు ఇక్కడ రెండర్థాలూ కుదరడం మన అదృష్టం.

భాష మనిషిని కనుక ఒక చిన్న పక్కదారి. ఈ పద్ధతి మన వ్యాకరణంలో ముందే ఉంది. ‘నేను రేపు వస్తాను’ అన్నప్పుడు ‘నేను’లో ఉన్న సంగతే క్రియ చివరి ‘ను’లోనూ ఉంది. ఫోన్లో గరగరమని మొదటి మాట వినపడకపోయినా ‘...రేపు వస్తాను’ అంటే ఎవరొస్తారో తెలుస్తుంది. పోయిన ముక్కను మిగిలిన ముక్క పట్టిచ్చింది. అదే ‘వచ్చింది’ అని మాత్రమే వినపడితే ఆమె వచ్చిందో, బస్సు వచ్చిందో తేలదు. అక్కడ మన భాష మారు సమాచారం దాచలేదు.

‘వేడి విడి డిస్కు’ దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్‌లో అది ‘హాట్ స్పేర్’. ‘హాట్’ అంటే ఇక్కడ వేడి కాదు, కరెంటు ఎక్కి సిద్ధంగా ఉన్నదని. లారీవాళ్ల నుంచి ఆటోవాళ్ల దాకా అందరికీ తెలిసిన మాట ఒకటుంది: స్టెప్నీ. నిజానికి అది ఒక కంపెనీ పేరు. వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్లోని స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. అదనపు చక్రాలు అమ్మిన ఆ కంపెనీ జనం నోళ్లలోంచి ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మన డిక్కీల్లో మిగిలింది. ‘స్టెప్నీ డిస్కు’ అని రాయండి. తేడా ఒక్కటే, కారులో స్టెప్నీ మనం దిగి మార్చాలి, ఇక్కడ అదే ఎక్కుతుంది.

‘ఎక్కుతుంది’ అన్నది నా మాట కాదు. ఒక స్నేహితుడి ప్రెస్సులో కూర్చుని ఉండగా సర్వర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. మరమ్మతు చేసే కుర్రాడు వచ్చి చూసి, ‘ఏం కాదు సార్, మూడో డిస్కు పోయింది, స్పేర్ ఎక్కింది, రీబిల్డ్ నడుస్తోంది, టెన్షన్ పడకండి’ అన్నాడు. డిస్కు, స్పేర్, రీబిల్డ్, టెన్షన్ అరువు మాటలే. పోయింది, ఎక్కింది, నడుస్తోంది, పడకండి మనవి. వాక్యానికి ప్రాణం వాటిలో ఉంది. మీరు దానికి తలకిందులుగా నామవాచకాలన్నిటినీ సంస్కృతంలోకి మార్చి, క్రియల్ని ‘చేయుట’, ‘వ్రాయుట’ దగ్గర వదిలేశారు. డిస్కును డిస్కుగానే ఉంచండి, దానికేమైందో మాత్రం తెలుగులో చెప్పండి.

అలా చూస్తే ‘శ్రేణి దిగజారినది’ కుదరదు. తెలుగులో దిగజారేది మనిషి నడవడి. ‘జట్టు ఒక డిస్కు లోటుతో నడుస్తోంది’ అంటే ఏమైందో, ఎంత తొందరపడాలో రెండూ తెలుస్తాయి. రెయిడ్ 5కి ఒక లోటే చెల్లు, రెండోది పోతే డేటా పోయినట్టే. ‘రీబిల్డ్’ దగ్గర ‘పునర్నిర్మాణం’ మాటను వంతెనలకు వదిలేసి ‘తిరిగి నింపడం’ అనండి.

‘వెనుకకు వ్రాయుట’ మీ అకౌంట్స్ ఆయనకే చక్కగా చెప్పొచ్చు. చిట్టాలో రాసుకుని తీరిగ్గా ఆవర్జాలోకి (లెడ్జర్‌లోకి) ఎక్కించడం తెలుసుగా? రైట్ బ్యాక్ అంటే అదే. డేటా కార్డు మీది మెమరీలో పడగానే కార్డు ‘రాసేశాను’ అంటుంది, డిస్కులోకి తర్వాత ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే చిట్టా చెరిగిపోకుండా కార్డుకు బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ పాడైతే ఆ పద్ధతి ఆపి నేరుగా ఆవర్జాలోనే రాయించాలి, అది రైట్ త్రూ. ‘వేగవర్ధిత యంత్రపరికర’ అన్నదాన్ని సమాసంగా కాక వాక్యంగా రాయండి: సరిబేసి లెక్కలు సర్వర్ ప్రాసెసర్ మీద పడకుండా కార్డే చేసుకుంటుంది.

ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే ‘మిర్రరింగ్’కి (అదే రెయిడ్ 1) మీరు రాసిన ‘నకలు’ ఒప్పుకోను. నకలు తీశాక అసలు మారినా నకలు మారదు. రెయిడ్ 1లో ఒకదానిలో పొరపాటున ఫైలు చెరిపితే రెండోదానిలోనూ ఆ క్షణమే చెరుగుతుంది. మనం మొహం ముడిస్తే అద్దంలోనూ ముడుస్తుంది కదా. ‘అద్దం రాత’ అనండి. ‘నకలు’ మాటను బ్యాకప్‌కి దాచుకోండి, అది వేరే చోట విడిగా తీసిపెట్టుకోవాల్సిందే. ‘స్ట్రైపింగ్’కి చారలొద్దు, పేకముక్కలు పంచినట్టు పంచి రాయడం అది. రెయిడ్ 0 అచ్చంగా అదే. పేరులో మారు ఉంది గానీ లోపల మారు సున్నా. ఈ అంకెలకు ‘స్థాయి’ వద్దు, పది అయిదుకన్నా రెట్టింపు గొప్పదనుకుంటారు. రెయిడ్ 10 అంటే ఒకటి, సున్నా కలిసిన రకం.

ఉచ్చారణ సంగతి. పేపర్లలో ‘ఏసీబీ రైడ్స్’ అని రావడం చూసి మీకు అనుమానం వచ్చి ఉంటుంది. రైడ్ అంటే బండి మీద తిరగడం. ఇంగ్లిష్‌లో పలికేది ఒకటే అయినా మనం రేట్, గేట్, ప్లేట్ అని దీర్ఘం తీస్తాం. మెయిల్, బ్రెయిన్, రెయిన్‌కోట్ దగ్గర ‘యి’ పలుకుతాం. స్పెల్లింగు చూసి నోరు తిప్పుకోవడం మన అలవాటు. ఆ లెక్కన రెయిడ్. రైలు మాత్రం మనకెప్పుడో వచ్చి రైలైపోయింది. ‘శ్రేణి’ బదులు ‘అరే’ మాత్రం రాయకండి, ఎవరినో పిలిచినట్టుంటుంది. ‘ఎరే’ అన్నా ‘రెయిడ్’ లోపల అది ఎలాగూ ఉంది. పెళ్లిపత్రికల్లో ‘సకుటుంబ సమేతంగా’ లాగా రెండుసార్లు చెప్పడమే. ‘రెయిడ్ జట్టు’ చాలు.

చివరిగా ఒకటి, ఇది భాషకన్నా పెద్దది. మీరు ‘ఇనిషియలైజ్’ని ‘ప్రారంభించు’ అని రాశారు. సర్వర్ ఆగిపోయిన రాత్రి కంగారులో ఉన్న మనిషికి ‘ప్రారంభించు’ కనపడితే నొక్కేస్తాడు. అది నొక్కితే డిస్కుల్లో ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. అక్కడ ‘డేటా తుడిచి, కొత్తగా సిద్ధం చేయి’ అని రాయండి. ఎర్ర సిరాతో.