సైలెన్సర్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది 2010లో కొన్న మారుతి 800. కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉంటాము. నెల రోజులుగా ఇంజన్ స్టార్ట్ చేయగానే వెనుక నుంచి ట్రాక్టరు పోతున్నంత శబ్దం వస్తోంది. వంగి చూస్తే సైలెన్సర్ డబ్బా అతుకు దగ్గర తుప్పు తిని రంధ్రం పడింది. కొత్తది తెచ్చి నేను, మా అబ్బాయి కలిసి ఇంటి దగ్గరే మార్చుకోవాలనుకుంటున్నాము. ఇది మా వల్ల అయ్యే పనేనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అవుతుంది. పానాలు పట్టడం అలవాటున్న ఇద్దరికి ఇది ఒక పూట పని. అయితే ఇందులో కష్టం సైలెన్సర్‌ను విప్పడంలో కంటే కారును క్షేమంగా పైకి లేపి నిలపడంలోనే ఎక్కువగా ఉంది కనుక ముందు దాని గురించే చెబుతాను.

కారుతో వచ్చిన జాకీ టైరు మార్చుకోవడానికి ఇచ్చినదే తప్ప, దాని మీద నిలిపిన బండి కిందకు మనిషి దూరడానికి కాదు. అది పక్కకు ఒరిగితే తప్పుకునే వ్యవధి ఉండదు. అందువల్ల గట్టి సిమెంటు నేల మీద బండిని లేపి, యజమాని పుస్తకంలో చూపిన చోట్ల రెండు ఇనుప స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదకు దిగిన తరువాత చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చూడటానికి బలంగా ఉన్నా ఒక్కసారిగా పగిలిపోతాయి కాబట్టి వాటిని నమ్మవద్దు. మరో సంగతి చాలామంది మరచిపోతారు: మీ కారుకు హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకే పనిచేస్తుంది. ఆ చక్రాలు గాలిలోకి లేవగానే అది ఉన్నా లేనట్టే. కాబట్టి గేరు వేసి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు తప్పక అడ్డం పెట్టండి. ఈ ఏర్పాట్లు కుదరకపోతే పని మానుకుని షెడ్డుకు తీసుకువెళ్లండి. మీ అబ్బాయిని కూడా కిందకు పంపుతున్నారు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

బండి పూర్తిగా చల్లారే దాకా, అంటే కనీసం రెండు మూడు గంటలు, ఏ భాగాన్నీ ముట్టుకోవద్దు. ముందువైపున ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) పనిచేసేటప్పుడు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది.

ఉప్పుగాలి తగిలిన బోల్టులు మొదటి ప్రయత్నంలోనే కదలవు. తుప్పును వదిలించే స్ప్రేను ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. మర్నాడు పానా పట్టినప్పుడు ఒక్కసారిగా బలం చూపకుండా, నట్టును ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, తరువాత విప్పే వైపు తిప్పుతూ, మధ్యమధ్య మళ్లీ స్ప్రే కొడుతూ పోతే బోల్టు విరగకుండా వచ్చే అవకాశం ఎక్కువ. అప్పటికీ కదలకపోతే రంపంతో కోసి కొత్త బోల్టు వేసుకోవడం మేలు. మంటతో వేడి చేసే పద్ధతి షెడ్డులో చూసి ఉంటారు, కానీ పెట్రోల్ ట్యాంకు దగ్గరలోనే ఉంటుంది కనుక ఇంటి దగ్గర ఆ పని అసలు చేయవద్దు.

సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లకు సబ్బునీళ్లు పూస్తే కొక్కేల మీద నుంచి సులువుగా జారతాయి. అవి పగిలి ఉంటే వాటిని కూడా మార్చండి. సైలెన్సర్ ఊడిన తరువాత ముందు పైపును గాలిలో వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టి ఉంచండి. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ జోలికి మాత్రం వెళ్లకండి.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్‌ను, అంటే అతుకు మధ్య లీకు కాకుండా పెట్టే బిళ్లను, మళ్లీ వాడకూడదు. ఒకసారి వేడికి, ఒత్తిడికి అణగిపోయిన గ్యాస్కెట్ మళ్లీ గాలి చొరకుండా కూర్చోదు. ముందుగా సైలెన్సర్‌ను రబ్బర్లకు తగిలించి, బోల్టులన్నీ చేతితో వదులుగా పెట్టి, డబ్బా బాడీకి ఎక్కడా తగలకుండా, రబ్బర్లు ఒక పక్కకు లాగకుండా సరిచూసుకున్న తరువాతే ముందు నుంచి వెనక్కు వరుసగా బిగించండి. ఇంట్లో చేసిన పనుల్లో తరువాత వినిపించే గడగడలో ఎక్కువ భాగం ఈ సర్దుబాటుకు ముందే గట్టిగా బిగించేయడం వల్ల వచ్చేదే. ఆరుబయట ఇంజన్ నడిపి, అతుకు మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు వచ్చిన చోట లీకు ఉన్నట్టు. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత, చల్లారిన బండి మీద, బోల్టులను మరొకసారి చూసుకోండి.

కొత్తది వేసే దాకా ఈ కారులో అద్దాలు మూసుకుని ప్రయాణించకండి, మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి. రంధ్రం గుండా వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని వాసన గాని ఉండదు. ప్రయాణంలో తలనొప్పి, మత్తు అనిపిస్తే వెంటనే బండి ఆపి బయటకు రండి.

ప్రశ్న: ఉదయం కారు స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ గొట్టం నుంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. ఇంజన్ చెడిపోతోందా?
— ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: కంగారు పడకండి. పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. చల్లని గొట్టానికి తగిలి ఆ ఆవిరే చుక్కలవుతుంది, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతుంది. వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లని పొగ వస్తూ, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం అతుకులో ఉండే బిళ్ల) పరీక్ష చేయించండి. రోజూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లలో ఈ నీరు ఆరక డబ్బాలోనే నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. వారానికి ఒకసారైనా అరగంట పాటు ఆగకుండా నడిపితే అది ఆవిరై బయటకు పోతుంది.