మైనర్ కొడుకు బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే కేసు ఎవరి మీద పడుతుంది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నాగోల్. మా బాబుకి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. పోయిన ఆదివారం రాత్రి ఫ్రెండ్‌ని ఎక్కించుకుని స్కూటీ మీద రాంగ్ రూట్‌లో వస్తూ మెట్రో పిల్లర్ దగ్గర రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయన్ని గుద్దాడు. ఆయనకి కాలు విరిగింది, వెనక కూర్చున్న పిల్లాడికి చెయ్యి ఫ్రాక్చర్. బండి మా ఆవిడ పేరు మీద ఉంది, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. మా బామ్మర్దికి లైసెన్స్ ఉంది, తనే నడిపాడని రాయించేద్దాం అంటున్నాడు. కుదరకపోతే మాకు తెలీకుండా తీసుకెళ్లాడని చెప్తే సరిపోతుందా?

జవాబు: అన్నా, ముందు ఆ బామ్మర్ది ఐడియా మర్చిపోండి. మెట్రో కింద షాపుల కెమెరాలున్నాయి, సిగ్నల్ దగ్గర కెమెరాలున్నాయి, దెబ్బ తగిలిన పెద్దాయన కళ్లు బాగానే పనిచేస్తున్నాయి, చుట్టూ మూగినవాళ్లలో ఎవరో ఒకరు వీడియో తీసే ఉంటారు. నేరం చేసినవాణ్ని కాపాడ్డానికి అబద్ధం చెప్తే అది బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 238 కింద వేరే నేరం, ఇప్పుడు పిల్లాడు ఒక్కడే ఉన్న కేసులోకి మీరూ మీ బామ్మర్దీ కూడా వచ్చి చేరతారు. 2024లో పుణెలో పోర్షే కారు కేసు గుర్తుందా, పదిహేడేళ్ల కుర్రాడు ఇద్దరు ఇంజనీర్లను గుద్ది చంపిన కేసు, అందులో నేరాన్ని ఇంటి డ్రైవర్ మీదకి నెట్టాలని చూశారనే ఆరోపణ మీద తండ్రీ తాతా కూడా అరెస్టయ్యారు.

ఇక తెలీకుండా తీసుకెళ్లాడు అనే మాట. ఇది చట్టంలో ఉన్న డిఫెన్సే, కాదనను. కానీ మోటార్ వెహికల్స్ యాక్ట్‌లో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఏ ఏమంటుందంటే, మైనర్ బండి నడిపాడంటే గార్డియనో ఓనరో ఒప్పుకునే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, కాదు అని నిరూపించుకోవాల్సింది మీరు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25,000 ఫైను, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు క్యాన్సిల్, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఆర్సీ మేడమ్ పేరు మీద ఉంది కాబట్టి ఓనర్‌గా ఆవిడ, గార్డియన్‌గా మీరు, ఇద్దరూ లైన్లో ఉన్నట్టే.

ఒక పని చేయండి, ఇప్పుడే ఆ బండి నంబర్ కొట్టి ఈ-చలాన్లు తీయండి. పాత చలాన్ ఫొటోల్లో హెల్మెట్ లేకుండా మీవాడి మొహం కనబడుతోందా? డిస్కౌంట్ ఆఫర్ వచ్చినప్పుడు ఆ చలాన్లు మీ ఫోన్ నుంచే కట్టేశారా? అలా ఉంటే తెలీదు అన్న మాట ఏ మేజిస్ట్రేటూ నమ్మడు, ఎదుటి లాయర్‌కి ఆ ఒక్క ఫొటో చాలు. ఇంటర్‌లో చేరగానే కోచింగ్ దూరం, బస్సు టైముకి రాదు అని తాళం చేతికిచ్చే ఇళ్లు మన సిటీలో గల్లీకి పది ఉన్నాయి, పోలీసులు పట్టుకుంటే మాత్రం అందరిదీ ఒకటే మాట.

రాంగ్ రూట్ అన్నారు కదా, అది కూడా చిన్న విషయం కాదు. యూటర్న్ దూరమని ఎదురు రావడం అదే మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 184 కింద డేంజరస్ డ్రైవింగే, సెల్ మాట్లాడుతూ నడపడం, రెడ్ సిగ్నల్ దాటడం కూడా అందులోనే ఉన్నాయి. రోడ్డు దాటే మనిషి వాహనాలు వచ్చే వైపే చూస్తాడు, ఆ పెద్దాయన కూడా అటే చూసి ఉంటాడు, ఇటు నుంచి స్కూటీ వస్తుందని ఎందుకు అనుకుంటాడు? పైగా అరవైలో పోయే బండికి ముప్పైలో పోయేదాని కంటే నాలుగింతల శక్తి ఉంటుంది, ఆ వయసు ఎముకలు తట్టుకోలేవు.

అసలు దెబ్బ డబ్బు దగ్గర. పెద్దాయన యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు చాలాసార్లు ముందు ఆయనకి కట్టి, లైసెన్స్ లేనివాడి చేతికి బండి ఇచ్చారని తేలితే తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటారు. ఇంక వెనక కూర్చున్న పిల్లాడి సంగతి ఎవరూ ఆలోచించరు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవాళ్లకి కవర్ ఉండదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, అంటే ఆ ఫ్రాక్చర్ ఖర్చు నేరుగా మీ జేబులోంచే పోవచ్చు. వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి, పెద్దాయన హాస్పిటల్ ఖర్చుకి సాయం చేయండి, కట్టిన ప్రతి రూపాయికీ బిల్లు దాచుకోండి. అయితే రాజీ పడ్డంత మాత్రాన 199ఏ కేసు దానంతటది పోదు.

బాబు గురించి మరీ భయపడకండి. వాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తాడు, ఇలాంటి కేసుల్లో మామూలుగా బెయిల్ వస్తుంది. రేపు ఉద్యోగానికి ఈ కేసు అడ్డొస్తుందేమో అంటారా, జువెనైల్ చట్టం సెక్షన్ 24 ప్రకారం ఆ మచ్చ వాడి మీద ఉండకూడదు. బోర్డు ముందు మాత్రం జరిగింది జరిగినట్టే చెప్పించండి, ఎవరూ నేర్పించొద్దు.

స్టేషన్‌కి పిలిస్తే వెళ్లండి. ఆర్సీ, పాలసీ కాపీలతో పాటు వాడి టెన్త్ మెమో మర్చిపోకండి, వయసు తేల్చడానికి బోర్డు ముందుగా చూసే కాగితాల్లో అదొకటి.